ఓడలు, బండ్లు

ద్రవీకృత సహజవాయువును లారీలపై తెచ్చుటకంటె సముద్రముపై తెచ్చుట చౌకగదా, తిరుపతి, చిత్తూరు ప్రాంతములకు ఆ మార్గము నేల అవలంబింపరాదను ప్రశ్న విచారింపదగినది. ఇండ్లకును, కర్మాగారములకును, వాహనములకును వాయువు నందించుటకై జరిగిన వేలములో చిత్తూరు, కోలారు, వేలూరు జిల్లాలను ఒక్క ప్రాంతముగా చేర్చిరి. రవాణాఖర్చు తుదకు ఈ జిల్లాల ప్రజల నెత్తినే పడును.

సహజవాయువును సున్నకు దిగువ 162 డిగ్రీలవరకు చల్లబరచినచో ద్రవమై, సుమారు ఆరువందలవ వంతు చోటులో ఇముడును. ఒక లారీ రమారమి 17 టన్నులు మోయును. 7,500 ఘనమీటర్ల చిన్న యోడ సుమారు 3,300 టన్నులను, అనగా దాదాపు రెండువందల లారీల సరకును, ఒక్కమారే తెచ్చును. జపాను, నార్వే దేశములలో ఇట్టి యోడలు తీరమువెంబడి తిరుగుచున్నవి. నీటిదారి చౌక యనుటలో సందేహము లేదు.

అయిన నది యెవరికి చౌక? రేవుచెంత నున్నవారికి. 2019లో ప్రారంభమైన ఎన్నూరు కేంద్రమువరకు వాయువు ఓడలమీదనే వచ్చుచున్నది. అచ్చటినుండి చిన్న యోడలో కృష్ణపట్నమునకు మార్చితి మనుకొందము. అచ్చట మరియొక జెట్టీ, మరియొక శీతలపు తొట్టి, మరల దింపుడు, మరల ఎక్కింపుడు! ఇంతచేసియు తిరుపతికి నూరు కిలోమీటర్లకు పైబడిన రోడ్డు మిగిలియే యుండును. చిత్తూరునకు దూరము తగ్గకపోగా పెరుగును. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాకు దుగరాజపట్నపు తీరము లభించినమాట నిజమే. జిల్లాకు సముద్రము వచ్చినది గాని, పట్టణము సముద్రమునకు చేరువ కాలేదు.

ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అని మన పెద్దల సామెత. ఇచ్చట ఓడ దిగిన సరకు బండి నెక్కక తప్పదు. కావున రెండవ సముద్రయానము మన ప్రాంతమునకు లాభకరము గాదని మా యభిప్రాయము. వాడుక స్వల్పముగా నున్నంతకాలము లారీయే తగిన సాధనము. వాడుక పెరిగినపిమ్మట రేవునుండి గొట్టపుమార్గమే శాశ్వతమైన పరిష్కారము. గొట్టమునకు తొలిఖర్చు అధికమైనను, దినదినము లారీల నెక్కించి దింపు వ్యయము తప్పును.

అంతవరకు అధికారులు రెండు పనులు చేయవలెను. లారీ, ఓడ, గొట్టము అను మూడు మార్గముల వ్యయమును లెక్కగట్టి ప్రజలయెదుట నుంచవలెను. బ్రహ్మోత్సవాది దినములలో యాత్రికులతో క్రిక్కిరిసిన రోడ్లపై ఈ లారీల ప్రయాణవేళలను నిర్ణయింపవలెను. చౌకదనము ముఖ్యమే; దారినపోవువారి ప్రాణము అంతకంటె ముఖ్యము.