ఊరికే వచ్చేదానికి రొక్కమెందుకు?

అమెరికాలో ఏఓఎల్ సంస్థ, బ్రాడ్‌బ్యాండు ఉన్నవారికి తన వేగు సేవను 2006లో ఉచితం చేసింది. అయినా 2015లో సుమారు 21 లక్షలమంది నెలనెలా చందా కడుతూనే ఉన్నారు. వారిలో డయలప్ తప్ప గత్యంతరం లేనివారు కొందరు. మరి మిగిలినవారో?

వారిని వెర్రివారనడానికి నాకు నోరు రాదు. ఉచితమని తెలిసీ నేను వేరొక సేవకు మూడేళ్ళు రుసుము చెల్లించాను. అమ్మ రాసిన జాబులన్నీ అందులోనే ఉన్నాయి. మానితే చెరిగిపోతాయేమోనని జంకు. తీరా నిబంధనలు చదివితే, అవి ఎక్కడికీ పోవట! నేను కట్టినదంతా భయానికి వెల.

ఒక్క వాక్యంతో ఆ భయాన్ని తీర్చగలిగీ మౌనం వహించే సంస్థ రాబడిని న్యాయార్జితమనలేను. ఏడాదికొకసారైనా ఆ మాట చెప్పడం దాని ధర్మం. అది చెప్పేదాకా, మన ఇంటి పెద్దల చందాలను మనమే ఓసారి చూడవద్దూ?