బోకేలో కరిగిపోయేది మా నేపథ్యమే – గూడెం మాట 9



బోనాల నెల వచ్చిందంటే మన ఫీడ్ నిండా రెండే కనిపిస్తాయి. ఒకటి పోతరాజు కొరడా. రెండోది డప్పు కొట్టే మనిషి ముఖం. ఈ భాగం ఆ రెండోదాని గురించి.

ఆ ఫొటోలు మీరూ చూసే ఉంటారు. నెరిసిన గడ్డం, చెమట, సగం మూసిన కళ్లు. వెనక అంతా సుడి తిరిగిన మసక. కింద 'లయ' అనో 'మట్టి' అనో ఒక్క ముక్క. దాని కింద వివరాలు: హీలియోస్ 44-2, 58 ఎంఎం, ఎఫ్/2. కెమెరా పేరుంటుంది. అడాప్టర్ పేరు కూడా ఉంటుంది. మనిషి పేరు మాత్రం ఉండదు.

ఇనుముకు, గాజుకు పేరుంది. మనిషికి లేదు. నా పంచాయితీ ఇక్కడే మొదలు.

ముందు లెన్స్ సంగతి చెప్తా. హీలియోస్ సోవియట్ లెన్స్. జర్మనీ జైస్ కంపెనీ బయోటార్ డిజైన్‌ను తీసుకుని మాస్కో పక్కన క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీలో తయారు చేశారు. జెనిత్ కెమెరాలకు పెట్టి లక్షల్లో అమ్మారు. అంటే సామాన్యుడి కెమెరాకు పెట్టిన సామాన్యుడి లెన్స్. ఆటోఫోకస్ లేదు. ఫోకస్ రింగు చేత్తోనే తిప్పాలి, అపర్చర్ చేత్తోనే మూయాలి. ఇవాళ దాన్ని పాతసామాను బేరంలో కొని, అడాప్టర్ బిగించి, మిర్రర్‌లెస్ కెమెరాకు తగిలిస్తున్నారు. అందులో తప్పేం లేదు. పాత వస్తువును పారేయకుండా వాడుకోవడం మా గూడేలకు ఎవరూ నేర్పక్కర్లేదు.

నా గొడవ ఆ అపర్చర్ రింగును ఎప్పుడూ ఎఫ్/2 దగ్గరే ఎందుకు ఆపుతున్నారన్నది.

లెక్క చూడండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో, మనిషికి మీటరున్నర దూరంలో నిలబడి, ఎఫ్/2లో తీస్తే స్పష్టంగా వచ్చే లోతు సుమారు 8 సెంటీమీటర్లు. కంటికి ఫోకస్ పెడితే చెవి మసక. ముందుకు పట్టుకున్న డప్పు మసక. చిర్ర మసక, సిటికెనపుల్ల మసక. పక్కన కొట్టే తమ్ముడు మసక. వెనకున్న గల్లీ, గుడి, ఆ గుడి మెట్ల కిందనే ఆగిపోయిన బృందం, మెట్ల పైన కుర్చీలేసుకున్న కమిటీ పెద్దలు, అందరూ రంగు చుక్కలైపోతారు. పేరుకేమో సంగీతకారుడి ఫొటో. అందులో వాద్యమే కనపడదు!

ఇంకో సంగతి. చాలా డప్పుల మీద పెయింటుతో బృందం పేరు, సెల్ నంబరు రాసి ఉంటాయి. అది సోకు కోసం రాసింది కాదు. రేపటి బేరం కోసం రాసింది. ఆ నంబరు కనపడితే ఎవరో ఒకరు పెళ్లికో, ఊరేగింపుకో పిలుస్తారు. మీ ఫొటోకు వేల లైకులు వచ్చాయి. ఆ 8 సెంటీమీటర్లలో ఆ పది అంకెలకు చోటు దొరకలేదు.

తెలుగులో 'నేపథ్యం' అనే మాట ఉంది. ఫొటోలో మనిషి వెనకున్నదీ నేపథ్యమే. మనిషి ఎక్కణ్నుంచి వచ్చాడన్నదీ నేపథ్యమే. ఫొటోగ్రఫీ పాఠాల్లో మొదట చెప్పేదేంటి? సబ్జెక్టును నేపథ్యం నుంచి వేరు చెయ్యాలి అని. సరే, డప్పు కొట్టే మనిషిని నేపథ్యం నుంచి వేరు చేద్దాం. ఏం పోతుంది? ఊళ్లో ఎవరు చచ్చినా కూలి లేకుండా కొట్టాల్సి వచ్చిన వెట్టి పోతుంది. గుడి ముందు కొట్టి గుడి బయటే నిలబడ్డ తాత పోతాడు. కొట్టమని ఎదురు తిరిగితే వెలేసిన ఊరు పోతుంది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడి నుంచి లేచిన దండోరా పోతుంది. చావు కబురు మోసిన డప్పే అక్కడ హక్కుల కబురు మోసింది. ఇవన్నీ పోయాక మిగిలేది గడ్డం, చెమట. అది చూసి 'ఎంత సహజంగా ఉందో' అంటారు.

ఇది కొత్త జబ్బు కాదు. 1868 నుంచి 1875 దాకా తెల్లదొరలు 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాల ఫొటోలు వేశారు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. తలకాయలు కొలిచిన పెద్దమనిషి ఆయన. ఆ పుస్తకాల్లో చాలా బొమ్మల కింద కులం పేరుంటుంది, మనిషి పేరుండదు. దొరకు మనిషి కులానికి నమూనా. మన కళాభిమానికి మనిషి లయకు నమూనా. దొర కులం పేరన్నా రాశాడు. మనవాళ్లు అదీ మసకబార్చి, అభ్యుదయం అనుకుంటున్నారు.

'కళకు కులం లేదన్నా' అని కామెంట్ పెట్టడానికి రెడీగా ఉన్నవాళ్లకు ఒక ప్రశ్న. కర్ణాటక కచేరీ ఫొటో వేసినప్పుడు మీరు ఏం రాస్తారు? గాత్రం ఫలానా, వయొలిన్ ఫలానా, మృదంగం ఫలానా, ఘటం ఫలానా. ఘటం కొట్టినాయన పేరు కూడా తప్పు లేకుండా రాస్తారు. కచేరీ మధ్యలో వేదిక ఎక్కి, విద్వాంసుడి ముఖానికి మీటరున్నర దూరంలో లెన్స్ పెట్టి రింగు తిప్పుతారా? అడిగి తీస్తారు, దూరం నుంచి తీస్తారు. మరి వీధిలో మనిషి దగ్గరకొచ్చేసరికి 'అడిగితే సహజత్వం పోతుంది' అంటారేం? ఆ సభామర్యాద వీధి దాకా ఎందుకు దిగిరాదు? ఆ మృదంగానికి తోలు బిగించే దళిత కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకమే రాశారు. కులం లేదన్న ఆ కళలో తోలు ఎవరు ముట్టాలో, వేదిక ఎవరు ఎక్కాలో అందరికీ తెలుసు.

మా వాళ్లు ఫొటో దిగాలనుకుంటే ఎలా నిలబడతారో ఎప్పుడైనా చూశారా? బృందం అంతా వరసగా, నిటారుగా, డప్పులు ముందుకు పెట్టి, బ్యానర్ కనపడేలా, తల నుంచి కాలి దాకా. అంబేద్కర్ విగ్రహం కూడా అంతే కదా. సూటు, బూటు, చేతిలో పుస్తకం, చాచిన వేలు, ఏదీ దాచరు. మమ్మల్ని ఎలా చూడాలో మేం చెప్పుకున్న పద్ధతి అది. దానికి మీరు 'పోజు' అని పేరు పెట్టి కెమెరా దించేస్తారు.

ఫైబర్ డప్పు కనపడితే మొహం చిట్లించేవాళ్లూ ఉన్నారు. తోలు డప్పు అయితేనే 'ఒరిజినల్' అట. ఆషాఢం వానల్లో తోలు వదులైపోతుంది. గడ్డీ కాగితాలూ మంటేసి మాటిమాటికీ కాపుకోవాలి. ఫైబర్‌కు ఆ బాధ లేదు. కొట్టేవాడు తన పనికి ఏది సుఖమో అది ఎంచుకున్నాడు. మీకు పాతకాలం మీద మోజు, లెన్స్ కొనుక్కోండి. మాకు పాతకాలమంటే వెట్టి. మా ఒంటి మీద దాన్ని వెతక్కండి.

'నేను డబ్బులిచ్చానన్నా' అంటారు. మంచిది. ఇప్పుడు చట్టం చూద్దాం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసినవాడే దానికి కర్త. ఫొటోలో ఉన్న మనిషికి అందులో వాటా లేదు. పాటకు, ఆటకు మాత్రం 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది. ప్రదర్శకుడంటే ఎవరో చెప్పే జాబితాలో గాయకుడు, వాద్యకారుడితో పాటు దొమ్మరి విద్యలు చేసేవాడు, గారడీవాడు, పాములాడించేవాడు కూడా ఉన్నారు. అంటే వీధిలో ఆడేవాడికీ హక్కుంది. సొంతానికి, బోధనకు, పరిశోధనకు మినహాయింపులున్నాయి. అడక్కుండా తీసి స్పాన్సర్‌కు అమ్ముకునే రీలుకు మినహాయింపు లేదు. ఇరవై రూపాయల నోటు ఆ హక్కును కొనేసినట్టు కాదు.

బొమ్మ కడుపు నింపుతుందా? దక్కలి కిన్నెర మొగులయ్య గారిని చూడండి. పన్నెండు మెట్ల కిన్నెర. సినిమా పాటతో ఊరూరా తెలిశారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ కిన్నెరతో ఆయన ఫొటో దింపనివాడు లేడు. 2024లో అదే మనిషి హైదరాబాద్ శివార్లలో కూలిపని చేస్తున్న వీడియో తిరిగింది. దాన్నీ కెమెరాలే తీశాయి, దాన్నీ జనం షేర్ చేశారు. బొమ్మకు కొరత ఎన్నడూ లేదు. బువ్వకే కొరత.

ఫొటోలు తియ్యొద్దని నేను అనట్లేదు. యూనివర్సిటీల్లో కెమెరా పట్టుకున్న మన పిల్లలకే ఈ మాటలు.

ఒకటి. మాన్యువల్ లెన్స్‌కు ఒక్క సుగుణం ఉంది, అది నిదానం. ఆ నిదానాన్ని మాటలకు వాడండి. ముందు పేరు అడగండి, తర్వాత రింగు తిప్పండి. వద్దంటే దండం పెట్టి వచ్చేయండి.

రెండు. అపర్చర్ మూయండి. ఇదే హీలియోస్‌ను ఎఫ్/8లో పెట్టి మూడు మీటర్లకు ఫోకస్ చేస్తే, రెండున్నర మీటర్ల నుంచి దాదాపు మూడు మీటర్ల ఎనభై దాకా స్పష్టంగా వస్తుంది. మనిషి, డప్పు, పక్కవాడు అందులో పడతారు. ఎండ ఉంటే ఎఫ్/16 పెట్టి ఏడు మీటర్ల దగ్గర ఆపండి. మూడున్నర మీటర్ల నుంచి కనుచూపు మేర అంతా వస్తుంది. గుడి వస్తుంది, మెట్లు వస్తాయి, మెట్ల మీద ఎవరున్నారో కింద ఎవరున్నారో వస్తుంది.

మూడు. క్యాప్షన్‌లో మనిషి పేరు, వాద్యం, ఊరు, బృందం నంబరు వాళ్లు సరేనంటే రాయండి. కులం రాయాలా వద్దా అన్నది వాళ్లిష్టం, మీదీ కాదు, నాదీ కాదు.

నాలుగు. ఫొటో వాళ్ల ఫోనుకు పంపండి. అమ్మితే వాటా ఇవ్వండి.

ఐదు. కెమెరా ఆ బృందంలో పిల్లల చేతికివ్వండి, తీయడం నేర్పండి. ముంబయి సఫాయి కార్మికుల జీవితాన్ని సుధారక్ ఓల్వే ఏళ్ల తరబడి తీశారు. తమిళనాడులో మురికికాల్వల్లో దిగే మనుషుల్ని, వాళ్లను పోగొట్టుకున్న ఇళ్లను పళని కుమార్ తీస్తున్నారు. వాళ్ల ఫొటోలు వెతికి చూడండి. మనిషి వెనకున్న గోడ, పనిముట్టు, ఇల్లు ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది.

ఈ బోనాలకు మీ ఫీడ్‌లో పేరు లేని డప్పు ఫొటో కనపడితే కింద ఒకే ఒక్క కామెంట్ పెట్టండి: 'ఈయన పేరేంటి?' జవాబు వచ్చేదాకా రోజూ పెట్టండి.

వచ్చే భాగంలో పెళ్లి బ్యాండు వాళ్ల యూనిఫాం గురించి మాట్లాడుకుందాం.

జై భీం.