కుట్లు, అల్లికలు కాలక్షేపమేనా?

సావనీరుకు ఏదైనా వ్యాసం ఇమ్మని మన యూనియన్ సెక్రటరీ అడిగితే చేతిరుమాళ్ల గురించి రాస్తానన్నాను. ఆయన నవ్వి, "సైన్సు స్టూడెంటువి, ఏ అంతరిక్షం గురించో రాయకూడదా?" అన్నాడు. అంతరిక్షం గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. రుమాళ్ల గురించి రాసేవాళ్లే లేరు. కనుక పాఠకమిత్రులు కాస్త ఓపిక పట్టవలసిందిగా మనవి.

నాకొక స్నేహితురాలుంది. పేరు రాయొద్దంది. మా పల్నాడు పల్లెలో పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద, తర్వాత ఇంటరు దాకా ఒకే బస్సులో పోయి చదువుకున్నాం. లెక్కల్లో నాకంటె దానికే మార్కులెక్కువ. నేను బి.ఎస్సీ.లో చేరాను, దానికి పెళ్లయింది. అత్తవారిది నర్సాపురం దగ్గర ఊరు. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను, అదీ ఆయన జేబులో ఉంటుంది. అందుచేత రెండేళ్లుగా మేం మాట్లాడుకునేది పోస్టులోనే. నేనొక కుట్టిన గుడ్డ పంపుతాను, నెలకో రెణ్ణెల్లకో అక్కణ్ణుంచి ఒకటి వస్తుంది. రుమాలు, టీపాయి గుడ్డ, దిండు గలీబు, ఏదైనా సరే. మడతలో ఉత్తరం ఉంటుంది. ఒక్కోసారి ఉండదు.

దీనిమీద మా హాస్టల్లో రెండు విమర్శలున్నాయి. వీడియోలో క్షణంలో చూపించేదానికి పోస్టెందుకన్నది మొదటిది. దానికి జవాబు పైన చెప్పాను. రెండోది ఘాటైనది: "పిల్లకి కుట్లూ అల్లికలూ వచ్చునని పెళ్లిచూపుల్లో చెప్పుకునే రోజులు దాటుకుని మనం ల్యాబుల్లోకి వచ్చాం. నువ్వు మళ్లీ ఫ్రేము పట్టుకుంటావేమే?"

ఈ మాటను నేను కొట్టిపారెయ్యలేను. మా ఇంటికి చుట్టాలొచ్చినప్పుడల్లా మేనత్త నేను కుట్టిన గలీబులు తెచ్చి పరిచేది, సంతలో దూడ పళ్లు చూపించినట్టు. అప్పుడు నాకు ఒళ్లు మండేది. ఒకసారి ఫ్రేము గాదె వెనక్కి విసిరేశాను కూడా. కానీ తప్పు సూదిది కాదని తర్వాత తెలిసింది. ఎవరికోసం కుడుతున్నాం, దానికి వెల కట్టేది ఎవరు అన్నదాంట్లో ఉంది అసలు సంగతి.

నర్సాపురం లేసు పేరు వినని తెలుగువారుండరు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక అది, విదేశాలకు ఎగుమతి అవుతుంది. ఆ పనివాళ్ల మీద మారియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త పరిశోధన చేసి 1982లో పుస్తకం వేసింది. ఇంటి ఆడవాళ్లు తీరిక వేళల్లో చేసుకునే పని అని పేరు పెట్టారు గనకనే వాళ్లకి అంత తక్కువ కూలి ఇచ్చి సరిపెట్టగలిగారని ఆమె వాదన. నా నేస్తం ఇప్పుడు అత్తగారి పక్కన కూచుని ఆ లేసే అల్లుతోంది. పోయిన వేసంగిలో రాసింది: "పొద్దస్తమానం తెల్లదారమే చూసి కళ్లు గుంజుతున్నయ్యే. నీకు కుట్టేటప్పుడే కాస్త రంగులు చూస్తన్నా."

చూశారా, కాలక్షేపమనే ఒక్కమాట రెండు పనులు చేస్తోంది. అక్కడ కూలి తగ్గిస్తోంది, ఇక్కడ హాస్టల్లో నన్ను వెక్కిరిస్తోంది!

మా ఇద్దరి మధ్య లెక్క లేదనుకోకండి. చాలా గట్టి లెక్క ఉంది. మూడో సెమిస్టరు పరీక్షలప్పుడు నాకు తీరిక లేక, బజారులో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ రుమాలొకటి కొని పంపేశాను. గులాబీలు దివ్యంగా ఉన్నాయి, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. పది రోజులకి ఆ రుమాలే తిరిగొచ్చింది. "వెనకంతా ఒకటే తెల్లదారం. బజారువి కొనుక్కోటానికి ఇక్కడ మాకు షాపుల్లేవంటే? ఆలస్యమైతే ఆలస్యమని రాయి" అని చీటీ. మిషనుకి పైదారం వేరు, కింద బాబిన్ దారం వేరు. చేత్తో కుట్టినదానికి వెనక కూడా అదే దారం, ముళ్లతో సహా కనపడుతుంది. ఇది తెలిసీ చేశాను. ఆ రాత్రి సిగ్గేసి, ఆప్టిక్స్ పుస్తకం మూసేసి, గొలుసుకుట్టుతో ఒక జొన్నకంకి మొదలుపెట్టాను. మార్కులు తగ్గిన మాట నిజమే. మానాన్నకి ఇంకా చెప్పలేదు.

మానాన్న ప్రస్తావన వచ్చింది గనక ఇదీ చెప్తాను. మాది పత్తి పండించే ఇల్లు. 2025-26 సీజనుకి పొడుగుపింజ పత్తి మద్దతు ధర క్వింటాలు 8,110 రూపాయలు, అంటే కిలో 81 రూపాయల చిల్లర. నేను కుట్టే దారపు లడి ఒకటి ల్యాబు బ్యాలన్సు మీద పెడితే రెండు గ్రాములు తూగలేదు. దానికి పది రూపాయలిచ్చాను. మధ్యలో గింజ తీయడం, వడకడం, కాస్టిక్ సోడాతో మెర్సరైజ్ చేసి నిగ్గు తేవడం, రంగెయ్యడం ఉన్నాయి, ఒప్పుకుంటాను. అయినా మానాన్న ఆ లడిని వేళ్లమధ్య తిప్పి చూసి, "ఏందమ్మాయ్, మన పత్తి మనకాడికే ఇంత ఖరీదై వచ్చిందే!" అన్నాడు. కిలో ఎంతవుతుందో లెక్క మీరే వేసుకోండి.

పోస్టు సంగతి. మొదట్లో రిజిస్టరు చేసి పంపేదాన్ని. 2025లో రిజిస్టర్డు పోస్టును స్పీడుపోస్టులో కలిపేశారు. విద్యార్థులకు స్పీడుపోస్టు చార్జీలో పదిశాతం తగ్గింపు కూడా ఇచ్చారు. సంతోషమే. కానీ చదువు ఆపేసిన నా నేస్తానికి ఆ తగ్గింపు వర్తించదు గదా! లెక్కల్లో నాకంటె మెరుగైన మనిషి పూర్తి చార్జీ కట్టాలి, నాకు మాత్రం తగ్గింపు.

మొన్న సంక్రాంతి ముందు దిండు గలీబొకటి వచ్చింది. అంచంతా కాజాకుట్టు, మూలన మా ఊరి చెరువుకట్ట మీది తుమ్మచెట్టు. మడతలో నాలుగు లైన్లు: దూరవిద్యలో డిగ్రీ చెయ్యాలంటే ఫీజెంత, పుస్తకాలు వాళ్లే ఇస్తారా, పరీక్షలకి ఎంత దూరం పోవాలి కనుక్కోమని. ఆయన "చూద్దాంలే" అన్నాడట.

వివరాలన్నీ కనుక్కుని కాగితం మీద రాశాను. ఉత్త కాగితం పంపితే మా లెక్క తప్పుతుంది. రుమాలు సగం అయింది, ఆకులు ఇంకా కుట్టాలి.