రాజద్రోహమా, దేశద్రోహమా?

రాజ్యాధికారమునకు సంబంధించిన మాటలు నిఘంటువులో నున్నంతకాలము నిరపాయములు. శాసనములోని కెక్కిన మరునాటినుండి అవి మనుష్యుని స్వేచ్ఛను తూచు రాళ్లగును. ఇట్టి మాటలు మనకు చాలవరకు ఇంగ్లీషునుండి వచ్చినవి. ట్రీజన్, సెడిషన్, మ్యూటినీ, రెబెలియన్, రివొల్యూషన్ అనునవి ఆ భాషలో పర్యాయపదములు కావు. ఒక్కొక్క మాటకు వేరు చరిత్ర, వేరు హద్దు గలవు. నేరముల పేళ్లగు వానికి న్యాయస్థానములో వేరు రుజువు, వేరు శిక్ష గలవు. మన తెలుగులోనో, వీనిలో కొన్ని ద్రోహమను నొక సంచిలోను, తక్కినవి తిరుగుబాటను మరియొక సంచిలోను పడిపోవుచున్నవి. ఇది కేవలము పండితుల తగవు కాదు. 2024 జూలై 1వ తేదీన భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది మొదలు ఈ అజాగ్రత్తవలన పౌరునికి కలుగు కీడు మరింత పెరిగినది.

ముందు ఇంగ్లీషు మాటలనే పరిశీలింతము. ట్రీజన్ అను మాట 'అప్పగించుట' అను నర్థముగల లాటిన్ మాటనుండి పుట్టినది. నమ్మి యిచ్చిన కోటతాళమును శత్రువుచేతిలో పెట్టినవాడు ఈ నేరమునకు మూలపురుషుడని చెప్పవచ్చును. ఇంగ్లండులో మూడవ ఎడ్వర్డు రాజు కాలమున, 1351లో, చేయబడిన శాసనము ఏయే కార్యములకు ఈ పేరు చెల్లునో లెక్కించి చెప్పినది. అమెరికా రాజ్యాంగకర్తలు ఇంకను జాగ్రత్తపడిరి. దేశముపై యుద్ధము చేయుట, శత్రువులతో చేరి వారికి తోడ్పడుట, ఈ రెండే ఆ నేరమని రాజ్యాంగములోనే వ్రాసిరి. నిందితుడు బహిరంగ న్యాయస్థానములో ఒప్పుకొననిచో, ఒకే కార్యమును గూర్చి ఇద్దరు సాక్షులు చెప్పవలెనని నిర్బంధించిరి. మాట ఎంత బరువైనదో దాని చుట్టు కంచె అంత గట్టిగా నుండవలెనని వారి భావము.

సెడిషన్ అట్టిది కాదు. దాని మూలార్థము 'విడివడి పోవుట' మాత్రమే. ఇంగ్లండులో అది క్రమముగా ప్రభుత్వమును నిందించు మాటలకును, వ్రాతలకును పేరైనది. మొదటి నేరమునకు కార్యము కావలెను. రెండవదానికి నోరు విప్పిన చాలును. ఈ రెంటిని ఒకే తెలుగు మాటతో చెప్పుట శత్రువునకు కోట నప్పగించినవానిని, కోటగోడ బీటవారినదని చెప్పినవానిని ఒకే బోనులో నిలుపుట.

పేరు పెట్టుటలోనే తీర్పు ఇమిడియుండుననుటకు 1857 నాటి సంగతియే దృష్టాంతము. దానిని ఆంగ్ల చరిత్రకారులు సిపాయి మ్యూటినీ అనిరి. మ్యూటినీ యనగా జీతము తీసికొను సైనికుడు అధికారి ఆజ్ఞను ధిక్కరించుట. ఆ మాట వాడగానే ఈ దేశముపై కుంపిణీవారి హక్కు వాదము లేకయే ఒప్పుకొనబడినట్లగును. రెబెలియన్ అన్నను లాభము లేదు; ఓడినవారు మరల కయ్యమునకు లేచుట దాని మూలార్థము. సావర్కరు తన గ్రంథములో దానిని స్వాతంత్ర్య యుద్ధమని పేర్కొనెను. యుద్ధమన్నచో ఇరుపక్షములకును సమానమైన హోదా వచ్చును. 1909లో ఇంగ్లీషున ముద్రితమైన ఆ పుస్తకమును ప్రభుత్వమువారు వెలువడకమునుపే నిషేధించుటకు ఈ పేరును ఒక కారణమని ఊహించుట అసంగతము కాదు.

మన మాటలలోను ఇట్టి విశేషములు గలవు. 1879లో రంప మన్యమున లేచిన అలజడికి ఇంగ్లీషు అధికారులు సైతము తమ రికార్డులలో ఫితూరీ యనియే వ్రాసికొనిరి. కల్లుపై పన్నులు, మన్సబుదారుని వేధింపులు, షావుకారుల దోపిడి దానికి కారణములు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడిచేసి ఆయుధములు తీసికొనినప్పుడును ఆ మాటయే వాడుకలో నుండెను. అదే మాట నేడు తెలుగు ఇండ్లలో పితూరీ యై, పెద్దలకడకు పోయి ఒకరిమీద చెప్పు ఫిర్యాదునకు పేరుగా నిలిచినది. తిరుగుబాటు, ఫిర్యాదు అను రెండర్థములు ఒక్క మాటలో కాపురముండుట వింతగా తోచవచ్చును. కాని మన్యపు చరిత్ర చదివినవారికి అది వింత కాదు. అడవిపై ఆంక్షలను గూర్చి, వెట్టిచాకిరిని గూర్చి చేసికొన్న మొర వినబడనప్పుడే కొండవాడు విల్లు పట్టెను. విన్నంతవరకు అది ఫిర్యాదు, విననినాడు ఫితూరీ.

ఇక గవర్నమెంటను మాట. ఓడకు చుక్కాని పట్టుట అను గ్రీకు మాటనుండి లాటిన్ మీదుగా అది ఇంగ్లీషునకు వచ్చినది. అందుచేత ఆ మాటలోనే ఓడ వేరు, చుక్కాని పట్టినవాడు వేరు అను భేదము గలదు. మన మాటలనో, చూడుడు: ఏలుబడిలో ఏలిక యున్నాడు, దొరతనములో దొర యున్నాడు, ప్రభుత్వములో ప్రభువున్నాడు, పారసీకమునుండి వచ్చిన సర్కారు అను మాటకును పనికి తలయైనవాడనియే అర్థము. ప్రతిదానిలోను ఒక యజమానుడు కూర్చుండి యున్నాడు. యజమానుడున్నచోట ద్రోహమను మాట తనంతట తానే వచ్చును. స్వామిద్రోహము, మిత్రద్రోహము, గురుద్రోహము అనునవన్నియు ఉప్పుపెట్టినవానికి చేసిన కీడును తెల్పు మాటలు. రాజే ప్రభుత్వమై, రాజే దేశమై యున్న కాలమున సెడిషన్ అను మాటకు రాజద్రోహమని మన పెద్దలు తెలుగు చేయుట ఆ కాలమునకు తగియే యున్నది.

ఆ మాటక్రింద ఎందరు నలిగిరో జ్ఞప్తికి తెచ్చుకొందము. 1860 నాటి శిక్షాస్మృతిలో ఈ సెక్షను లేదు. 1870లో స్టీఫెన్ దొరగారు దీనిని 124-ఏ గా చేర్పించిరి. ప్రభుత్వముపై డిసఎఫెక్షన్ పుట్టించుట నేరమని అందు గలదు. 1897లో తిలక్ మహాశయుని విచారించిన న్యాయమూర్తి స్ట్రాచీ, ఆ మాటకు ప్రీతి లేకుండుట అనియే యర్థమని జ్యూరీకి బోధించెను. ప్రభుత్వమును ప్రేమింపకుండుటయే నేరమైన దినములవి. 1908లో తిలక్‌నకు ఆరేండ్ల ప్రవాసశిక్ష. అదే సంవత్సరమున తిరునల్వేలిలో చిదంబరం పిళ్లగారికి యావజ్జీవ ప్రవాసశిక్ష. అదే సంవత్సరమున బెజవాడ స్వరాజ్య పత్రిక సంపాదకులు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారికి చెరసాల. 1922లో గాంధీజీకి ఆరేండ్లు. వీరిలో ఎవ్వరును కోటతాళము శత్రువున కీయలేదు. వ్రాసిరి, లేదా మాటాడిరి.

స్వరాజ్యము రాగానే ఈ మాట పోవలసినది. రాజ్యాంగ సభలో 1948 డిసెంబరున మున్షీగారి సవరణపై, వాక్‌స్వాతంత్ర్యమునకు విధింపదగిన హద్దులనుండి సెడిషన్ అను పదము తొలగింపబడెను. కాని శిక్షాస్మృతిలో అది నిలిచియే యుండెను. 1962లో కేదారనాథ్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టువారు సెక్షనును నిలబెట్టుచునే, హింసకుగాని శాంతిభంగమునకుగాని ప్రేరేపించు మాటలకు మాత్రమే దానిని పరిమితము చేసిరి. ఇట్లుండగా, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు, వారంటు లేకయే పోలీసులు నిర్బంధింపదగిన నేరముగా దీనిని మార్చెను. మాటకు జన్మస్థానమైన ఇంగ్లండు 2009లో చేసిన శాసనముచే సెడిషన్ నేరమును రద్దుచేసికొన్నది. మన దేశమున 2022 మే 11వ తేదీన సుప్రీంకోర్టువారు దాని అమలును నిలిపియుంచిరి. పిమ్మట కొత్త న్యాయసంహిత వచ్చి ఆ పేరును తొలగించినది.

ఈ మార్పులోని మేలును ఒప్పుకొనవలసినదే. సంహితలోని 152వ సెక్షనులో ప్రభుత్వముపై ద్వేషము, తిరస్కారము, అప్రీతి అను మాటలు లేవు. వేర్పాటు, సాయుధ తిరుగుబాటు, విధ్వంసక కార్యకలాపములు, దేశపు సార్వభౌమత్వమునకు, ఐక్యతకు, అఖండతకు ముప్పు అనునవి గలవు. బుద్ధిపూర్వకముగాగాని తెలిసిగాని చేసియుండవలెననియు గలదు. అయినను విధ్వంసక కార్యకలాపములనగా నేమో సెక్షను చెప్పదు. యావజ్జీవమునకు బదులుగా విధింపదగిన ఖైదు మూడేండ్లనుండి ఏడేండ్లకు పెరిగినది. 2023 డిసెంబరున బిల్లుపై మాటాడుచు గృహమంత్రి, రాజద్రోహము స్థానమున దేశద్రోహమును తెచ్చితిమని లోకసభలో వివరించిరి. ప్రభుత్వమును విమర్శించుట నేరము కాదని వారే చెప్పిరి. మంచిదే. కాని మాట నడతను గమనింపుడు. రాజద్రోహి యనిపించుకొన్నవానికి జనులలో గౌరవము మిగిలియుండెను; తిలక్ చెరకు పోయి లోకమాన్యుడుగనే తిరిగివచ్చెను. దేశద్రోహి యనిపించుకొన్నవానికి ఇరుగుపొరుగువారును మొగము చూపరు. న్యాయస్థానము విడిచిపెట్టినను వీధి విడిచిపెట్టదు. పూర్వపు మాట రాజు తరపున నిందించెను; ఈ మాట మనయందరి తరపున నిందించుచున్నది.

కావుననే భేదము పాటించుట అవశ్యకర్తవ్యము. చుక్కాని పట్టినవాడు దారితప్పుచున్నాడని కేకవేసిన ప్రయాణికుడు ఓడకు చిల్లి పెట్టినవాడు కాడు. ఒక్కొక్కప్పుడు ఓడను కాపాడువాడు అతడే. నిజముగా చిల్లి పెట్టువారును ఉందురు. వారిని శిక్షించు శాసనము వలదని ఎవరును అనరు. ఆ శాసనమునకు బలము చేకూర్చుటకైనను దాని పేరును కనబడినవారిపైనెల్ల చల్లరాదు.

ఈ పని మొదట ఎవరిది? రాజధానిలో పగలంతయు ఇంగ్లీషున వాదించి, ఇంగ్లీషున ఫైళ్లు వ్రాసి, ఇంటికి వచ్చి తెలుగున పత్రిక చదువు మనవంటివారిది. చెన్నపట్టణమందును బెంగుళూరునందును తరతరములుగా కాపురమున్న తెలుగువానికి శాసనము ఇంగ్లీషున, ఠాణాలోని కాగితము తమిళముననో కన్నడముననో, ఇంటిలోని భయము తెలుగున కలుగుచున్నవి. నడుమ మాట మారినకొలది భయము పెరుగును. తెలిసినవాడు సరియైన మాట చెప్పనిచో తెలియనివాడు భారమైన మాటనే మోయును.

మా మనవి మూడు మాటలలో చెప్పవచ్చును. 152వ సెక్షను క్రింద ఒకనిపై కేసు పెట్టినప్పుడు పత్రికలు సెక్షను సంఖ్యను, ఆరోపింపబడిన కార్యమును చెప్పవలెను. దేశద్రోహి యను బిరుదమును శీర్షికలో తగిలింపరాదు. తీర్పు వచ్చువరకు అతడు నిందితుడే గాని నేరస్థుడు కాడు. రాజద్రోహమను మాటను తిలక్, గాడిచర్ల మొదలగువారి నాటి చరిత్ర చెప్పుటకును, దేశద్రోహమను మాటను శత్రువునకు తోడ్పడినట్లు రుజువైనవానికిని దాచి యుంచవలెను.

గణతంత్రమున రాజు లేడు. ఏలికయు, దొరయు, ప్రభువును ఓటుచీటీ పట్టిన పౌరుడే. అట్టి పౌరుడు తాను నియమించిన చుక్కానివానిని ప్రశ్నించుట ద్రోహమెట్లగును? దానికి విమర్శ యను చక్కని మాట మనకు గలదు, దానినే వాడుదము.