పాత నోటుకు విలువెక్కడిది?

రెండు రూపాయల ఎనిమిదణాలకు ఒకే నోటు వుండేదంటే యీనాటి పిల్లలు నవ్వుతారు. కాని వుండేది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో వెండికి కరువు వచ్చి, రూపాయి నాణేలు కొట్టడం కష్టమై, అప్పటి సర్కారువారు 1917 నవంబరు 30న రూపాయి నోటునూ, ఆ వెనకనే 1918 జనవరిలో యీ రెండున్నర రూపాయల నోటునూ తెచ్చారు. 1926లో రెండింటినీ ఆపేశారు. రూపాయి నోటు 1940లో మళ్ళీ వచ్చింది. రెండున్నర రూపాయల నోటు మాత్రం పోయింది పోయినట్టే వుంది. అంచేతనే నోట్లు సేకరించేవారు దానికోసం ప్రాణం పెడతారు.

పాతదైతే చాలు, విలువ వుంటుందనుకోవడం మనలో చాలామందికున్న భ్రమ. పాత బియ్యానికి చెల్లిన సూత్రం నోటుకు చెల్లదు. ఎన్నేళ్ళ నాటిదన్నది తరవాతి మాట. ఎన్ని మిగిలాయి, ఎంతమంది వెతుకుతున్నారు అన్నవే అసలు ప్రశ్నలు. మిగలకపోవడానికి ఒక్కొక్కప్పుడు సముద్రుడు కూడా కారణమవుతాడు. 1918 జులై 2న లండన్ నుంచి బొంబాయికి వస్తున్న ‘షిరాలా’ అనే ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. అందులో మన దేశానికి వస్తున్న కొత్త నోట్లున్నాయి. కొన్ని ఒడ్డుకు కొట్టుకువచ్చాయి. అధికారులు దొరికినవాటిని దొరికినట్టు ధ్వంసం చేయించినా ఏవో కొన్ని చెయ్యి జారాయి. సంతకమైనా లేని అలాటి పది రూపాయల నోట్లు రెండు 2024 మే నెలలో లండన్‌లో వేలానికి వస్తే, ఒక్కొక్కటి మన డబ్బులో అయిదు లక్షలు దాటింది. సంతకం లేని చెక్కు తెస్తే బ్యాంకివారు మొహం చూడరు గదా!

మన వేపు సంగతి ఒకటి చెబుతాను. 1861 చట్టంతో కాగితపు డబ్బు సర్కారు చేతికి వచ్చాక దేశాన్ని సర్కిళ్ళుగా విభజించారు. ఏ సర్కిలు నోటు ఆ సర్కిల్లోనే హక్కుగా మార్చుకోవాలి. మద్రాసు సర్కిలు కింద మన కాకినాడ ఒకటి. విక్టోరియా రాణి బొమ్మతో, ఒకవైపే అచ్చయిన ఆ కాలపు నోట్లు యిప్పుడు సగం ముక్కలుగా కనబడినా అపురూపమే. సగం ముక్కలేమిటంటారా? టపాలో దొంగల భయం. అంచేత వర్తకులు నోటును రెండుగా కత్తిరించి ముందు ఒక సగం పంపేవారు. అందినట్టు జవాబు వచ్చాక రెండో సగం వెళ్ళేది. రెండింటి మీదా నెంబరు ఒకటే గనక అతికించి మార్చుకునేవారు. రెండోది చేరక వుండిపోయిన సగం, ఆనాడు గవ్వ చేయదు.

నైజాం ప్రభుత్వం 1918 నుంచి వేసిన ఉస్మానియా సిక్కా నోట్ల మీద ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు కూడా వుండేవి. వాటిలోనూ పెద్ద నోట్లే అరుదు. కారణం తేలికే: రద్దయ్యేవేళ అయిదు రూపాయలు పోతే పోయిందని పెట్టె అడుగున వదిలేసేవాడు కూడా వెయ్యి రూపాయలను వదులుకోడు. 1978 జనవరిలో రద్దయిన మన పదివేల రూపాయల నోటుకూ అదే న్యాయం.

మా దేవరాపల్లిలో మా వీధి చివరి మామ్మగారు మొన్న ఒక గుడ్డమూట తెచ్చారు. విప్పితే ట్రాక్టరు బొమ్మ వున్న అయిదు రూపాయల నోట్లు నాలుగు. ఒక్కొక్కదానికి లక్షలిస్తామని మనవడి ఫోనులో ప్రకటన వచ్చిందట. ‘రిజిస్ట్రేషను’ కింద అయిదు వేలు పంపారు, అనకాపల్లిలో బెల్లం అమ్మిన డబ్బు. యిప్పుడు ‘పన్ను’ పేర మరో పన్నెండు వేలు అడుగుతున్నాడు.

“పంపకండి, మామ్మగారూ” అన్నాను.

“అయితే యీ నోటుకి యిలవే నేదేటి, బాబూ?”

“వుంది. అయిదు రూపాయలు.”

ఆవిడ నవ్వలేదు. మూట మళ్ళీ కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

ట్రాక్టరు నోట్లు కోట్లకొద్దీ అచ్చయ్యాయి. 786 నెంబరు సంగతీ అంతే. ఆ అంకె మీద నమ్మకమున్నవారు కొంచెం ఎక్కువ యిస్తే యివ్వవచ్చు. కాని ప్రతి వెయ్యి నోట్లకూ ఒకదాని చివర 786 రాక తప్పదు. రిజర్వు బ్యాంకివారు 2021 ఆగస్టులోనే స్పష్టంగా చెప్పారు: పాత నోట్ల వ్యవహారాల్లో తాము లేము, తమ పేర కమిషను గాని, ఫీజు గాని వసూలు చేయడానికి ఎవరికీ అధికారం యివ్వలేదు అని. నిజంగా కొనేవాడు నోటు చూపమంటాడు గాని ముందు డబ్బు పంపమనడు.

2016 నవంబరులో రద్దయిన అయిదువందలూ వెయ్యీ గుర్తుకని దాచుకున్నవారు కూడా వొకసారి లెక్క చూసుకోండి. 2017లో వచ్చిన చట్టం ప్రకారం అవి మొత్తం పదికి మించి దగ్గర వుండకూడదు; పరిశోధనకో, సేకరణకో అయితే 25 దాకా వుండవచ్చు. మించితే కనీసం పదివేల జరిమానా.

యిక నిజంగానే అరుదైన నోటు మీ యింట్లో దొరికిందనుకోండి. మడత పోవాలని యిస్త్రీ చేయకండి, సబ్బునీళ్ళలో ముంచకండి, చిరుగుకు టేపు అంటించకండి. మన నోట్లకు కట్టలు కుట్టిన పిన్ను బెజ్జాలు మామూలే గనక వాటిని కొనేవారు అంతగా పట్టించుకోరు. యిస్త్రీ చేసిన నోటును మాత్రం వెలుగుకు పట్టి చూడగానే పోల్చేస్తారు.