బంకు దగ్గర పోయిన గంటలు ఎవరి ఖాతాలో?

1998 జులై 28న ఢిల్లీ కాలుష్యంపై సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు అనగానే, 2001 మార్చి 31 కల్లా నగర బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలన్న మాటే చాలామందికి గుర్తొస్తుంది. అదే ఉత్తర్వులో ఇంకో గడువు ఉంది. అప్పటికి 9 ఉన్న సీఎన్‌జీ బంకులను 2000 మార్చి 31 నాటికి 80 చేయాలని ప్రభుత్వ గ్యాస్ సంస్థ గెయిల్‌ను ఆదేశించారు. అంటే బస్సులు మారడానికి ఏడాది ముందే బంకులు సిద్ధం కావాలి. కోర్టు వరస సరిగ్గానే వేసింది, అమలులో అది తప్పింది. 2001, 2002లలో ఆటోవాళ్లు, బస్సు డ్రైవర్లు గ్యాస్ కోసం గంటల తరబడి బారులు తీరారు. రవాణా అవసరాలకే ముందు గ్యాస్ ఇవ్వాలని 2002 ఏప్రిల్‌లో కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఢిల్లీ గాలి కాస్త తేరుకోవడానికి అయిన ఖర్చులో ఆ బారుల్లో నిలబడి కోల్పోయిన కూలీ కూడా ఉంది. ఏ బడ్జెట్ పద్దులోనూ దాన్ని రాయలేదు.

ఇప్పుడు కరెంటు బండ్ల వంతు వచ్చింది. ఈసారి డబ్బు విషయంలో కేంద్రం చెయ్యి ముడుచుకోలేదు. ఛార్జింగ్ స్టేషన్ పెట్టడానికి విద్యుత్ లైసెన్సు అక్కర్లేదని 2018లోనే తేల్చింది. 2023 మార్చిలో మూడు ప్రభుత్వ చమురు కంపెనీలకు 7,432 ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్ల కోసం 800 కోట్లు మంజూరు చేసింది. 2024లో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఒక్క ఛార్జింగ్‌కే 2,000 కోట్లు కేటాయించింది.

దిమ్మె కట్టి ఛార్జర్ బిగించడం పెద్ద పని కాదు, దానికి కరెంటు తేవడమే కష్టం. 60 కిలోవాట్ల ఛార్జర్ ఒక్కటి, అయిదేసి కిలోవాట్ల లోడున్న పన్నెండు ఇళ్లు కలిసి లాగేంత కరెంటు లాగుతుంది. అలాంటివి నాలుగు పెట్టాలంటే ప్రత్యేకంగా ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, 11 కేవీ లైను లాగాలి. విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ఎస్టిమేట్ వెయ్యాలి, డిపాజిట్ కట్టాలి, తవ్వడానికి మున్సిపాలిటీ అనుమతి తెచ్చుకోవాలి. బిగించిన ఛార్జర్ల లెక్క ఒకటి, కరెంటు అందిన ఛార్జర్ల లెక్క మరొకటి కావడానికి కారణం ఇదే. కొత్త పథకం ట్రాన్స్‌ఫార్మర్, కేబుళ్ల ఖర్చుకూ సబ్సిడీ ఇస్తోంది. అది సరైన దిద్దుబాటు.

అయినా అది చాలదు. సబ్సిడీలో సగమైనా ఛార్జర్ పనిచేసిన గంటలను బట్టి, నాలుగైదేళ్లపాటు విడతలుగా ఇవ్వాలి. ఇన్‌స్పెక్టర్లను తిప్పాల్సిన పని కూడా లేదు. నెట్‌వర్క్‌కు కలిపిన ఛార్జర్ తాను నడుస్తోందో ఆగిందో ఎప్పటికప్పుడు సర్వర్‌కు చెబుతూనే ఉంటుంది. ఆ సమాచారాన్ని ప్రతి నెలా, స్టేషన్ల వారీగా జనం ముందు పెట్టాలి. కేబుల్ తెగి నెల రోజులుగా మూలపడ్డ ఛార్జర్‌కు ప్రజల డబ్బు ఎందుకు అందాలి?

ఎక్కడ పెడుతున్నాం అన్నది ఇంకా ముఖ్యం. నగరాల్లో మూడు కిలోమీటర్ల గడికొక స్టేషన్, హైవేల మీద ఇరవై అయిదు కిలోమీటర్లకొకటి అన్నది 2018లో కేంద్రం పెట్టుకున్న కొలత. సొంత ఇల్లు, ఇంట్లో మీటరు ఉన్న కారు యజమానికి రాత్రి ఛార్జింగ్ ఇంటి దగ్గరే అయిపోతుంది. అద్దె గదిలో ఉంటూ ఆటోను వీధిలో నిలుపుకునే మనిషికి ఆ వీలు లేదు. పీఎం ఈ-డ్రైవ్‌లో రెండు, మూడు చక్రాల బండ్లకు 48,400 ఛార్జర్లు అనుకున్నారు. అవి మాల్స్ సెల్లార్లలోకి పోకూడదు. ఆటో స్టాండ్లలో, రైతుబజార్ల పక్కన, హైదరాబాద్‌లోని బోయిన్‌పల్లి లాంటి మార్కెట్ యార్డుల్లో ఉండాలి. బండి దిగకుండా బేరాలు చేసుకునేవాళ్లకు మధ్యాహ్నం అరగంట ఛార్జింగ్ దొరికితే సాయంత్రం రెండు ట్రిప్పులు మిగులుతాయి.

హైడ్రోజన్ బండ్ల సంగతి వేరు, అవి ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నాయి. 2025 మార్చిలో కేంద్రం 208 కోట్లతో 37 బండ్లు, 9 నింపే స్టేషన్ల ప్రయోగాలకు అనుమతిచ్చింది. అందులో మన విశాఖపట్నం–బయ్యవరం దారి కూడా ఉంది. ప్రయోగంగా జరగాల్సిందే.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో ప్రకటించిన విధానంలో విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. కొనేవారికి అది మంచి ఊరట. అదే ఉదారతతో, ఆటో స్టాండ్లకు ట్రాన్స్‌ఫార్మర్ వేసే ఖర్చును పూర్తిగా ప్రభుత్వమే భరిస్తుందని, డిస్కం ఇన్ని రోజుల్లో కనెక్షన్ ఇచ్చి తీరాలని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ జీవో ఇవ్వాలి.