ఊరి పేరే స్నానం... వేలు పెడితే ఒట్టు!

‘‘వేడినీళ్ళు మోకాళ్ళకి మంచివని ఇంతదూరం లాక్కొచ్చావ్. తీరా వచ్చాక వేలు కూడా పెట్టొద్దంటావేంట్రా?’’

మా పెద్దమ్మ కొడుకుని నిలదీసిన మాట ఇది. మేం నిలబడి ఉన్నది ఇంగ్లాండులోని బాత్ నగరంలో, రోమన్లు కట్టిన స్నానఘట్టం మెట్ల దగ్గర. ఎదురుగా ఆకుపచ్చగా నీళ్ళు, మీద పల్చగా ఆవిరి. పక్కనే ‘నీళ్ళు ముట్టుకోవద్దు’ అన్న బోర్డు. పెద్దమ్మది రాజమండ్రి. మూడు గోదావరి పుష్కరాలు చూసిన మనిషి. నీళ్ళ దాకా వచ్చి మునక్కుండా వెళ్ళడమన్నది ఆవిడకు అలవాటు లేని పని.

పిల్లలు ఇంగ్లాండులో చదువుకుంటున్నారనో, ఉద్యోగాల్లో ఉన్నారనో మనవైపు నుంచి పెద్దవాళ్ళు నెలా రెండు నెలలు వెళ్ళి ఉండివస్తున్నారు కదా! లండన్ చూడటం అయిపోయాక పిల్లలు తీసుకెళ్ళే ఊళ్ళలో బాత్ ఒకటి. ప్యాడింగ్టన్ స్టేషన్లో రైలెక్కితే గంటన్నర. ఊరు ఊరంతా 1987 నుంచీ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. ఐరోపాలోని ప్రసిద్ధ స్నానాల పట్టణాల్లో ఒకటిగా 2021లో రెండోసారి కూడా ఆ గౌరవం దక్కింది.

ఇంతకీ ఆ నీళ్ళ కథేంటంటే... దగ్గర్లోని మెండిప్ కొండల మీద వేల ఏళ్ళ కిందట కురిసిన వాన అది. భూమిలోకి కిలోమీటర్ల లోతుకి ఇంకి, అక్కడి వేడికి కాగి, రాళ్ళలోని పగుళ్ళ గుండా పైకి తన్నుకొస్తోంది. బయటికి వచ్చేసరికి 46 డిగ్రీలు. రోజుకు 11,70,000 లీటర్లు. కట్టెల్లేవు, కరెంటు లేదు.

పందులు కాసుకునే ఒక కుష్ఠురోగి రాకుమారుడు, ఆ వేడి బురదలో పొర్లాడిన తన పందుల చర్మం బాగుపడటం చూసి తానూ దిగి స్వస్థుడయ్యాడని స్థానిక కథ. రోమన్లు రాకముందు అక్కడివాళ్ళకి ఆ ఊట సులిస్ అనే దేవత. రోమన్లు వచ్చి ఆవిడని తమ మినర్వాతో కలిపేసి గుడి కట్టారు, స్నానఘట్టాలు కట్టారు. పెద్ద కొలను అడుగున అప్పుడు పరిచిన సీసం రేకులు 45 ఉంటే, ఈరోజుకీ నీళ్ళు వాటిమీదే నిలుస్తున్నాయి.

అన్నట్టు, బాత్ అనగానే ఫొటోల్లో కనిపించే ఆ పై అంతస్తు, దానిమీద బారులు తీరిన విగ్రహాలు రోమన్లవి కావండోయ్. విక్టోరియా రాణి కాలంలో, 1890లలో కట్టినవి. అసలు రోమన్ పనంతా కింద, స్తంభాల మొదళ్ళ దగ్గరే ఉంది. అప్పట్లో కొలనుకి ఎత్తయిన పైకప్పు ఉండేది. అది కూలిపోయి ఎండ పడబట్టే నీళ్ళకి పాచి పట్టి ఆకుపచ్చగా మారాయి.

పెద్దమ్మని ఊరడించింది మాత్రం కొలను కాదు, లోపలి మ్యూజియం. ఊటలో దొరికిన రోమన్ నాణేలు 12 వేల పైచిలుకు! రైలు గోదావరి వంతెన దాటుతుంటే మనం చిల్లర విసరమూ? అదేనన్నమాట. వాటికంటే నన్ను ఎక్కువ సేపు నిలబెట్టినవి సీసపు రేకులు. దాదాపు 130 దొరికాయి. వస్తువు పోయినవాళ్ళు దేవతకి రాసుకున్న ఫిర్యాదులవి. ఒకరికి చేతి తొడుగులు పోయాయి, ఇంకొకరికి పైబట్ట పోయింది. స్నానానికి దిగి తిరిగొచ్చేసరికి గట్టు మీద బట్టల్లేవు! తీసినవాడు మగైనా ఆడైనా, బానిసైనా కాకపోయినా, వాడికి నిద్ర పట్టకూడదు, వాడి కళ్ళు పోవాలి... ఇలా సాగుతాయి శాపనార్థాలు. రేకుని చుట్టచుట్టి ఊటలో పడేసేవారు. చక్రవర్తుల విగ్రహాలు ఏ మ్యూజియంలోనైనా ఉంటాయి. పైబట్ట పోగొట్టుకున్న మామూలు మనిషి కడుపుమంట పద్దెనిమిది వందల ఏళ్ళ తర్వాత చదవగలగడం ఎక్కడ కుదురుతుంది? హడావుడిగా దాటిపోకండి అక్కడ.

ఇక పెద్దమ్మ ప్రశ్నకి జవాబు. 1978 దాకా ఈ నీళ్ళలో జనం ఈదేవారు. ఆ ఏడాది అలా ఈదిన ఒక అమ్మాయికి నీళ్ళలోని అమీబా ముక్కు ద్వారా మెదడుకి చేరి ప్రాణం పోయింది. వేడినీళ్ళలో బతికే సూక్ష్మజీవి అది. దాంతో స్నానాలు ఆపేశారు. రెండు వేల ఏళ్ళుగా రోగాలు తగ్గించుకోవడానికి జనం వెతుక్కుంటూ వచ్చిన ఊరది. అలాంటి ఊరు నీళ్ళకి తాళం వేసుకోవాల్సి వచ్చింది. సూక్ష్మజీవులు చేరని నీటి కోసం 1983లో కొత్తగా బోరు వేశారు. ఊటనీటిని శుద్ధిచేసి నింపే థర్మే బాత్ స్పా తెరుచుకునేసరికి 2006 వచ్చింది. అంటే, ఒక తరం పిల్లలు తమ ఊరి వేడినీళ్ళలో కాలు పెట్టకుండానే పెద్దవాళ్ళయ్యారు. ఇదంతా చెప్పాక పెద్దమ్మ మరి మాట్లాడలేదు. ‘‘పాపం, ఎవరి బిడ్డో’’ అని మాత్రం అంది.

ఆ థర్మేకి వెళ్ళొచ్చుగా అంటారేమో. వెళ్ళొచ్చు. డాబా మీది కొలనులో పీకల్దాకా వెచ్చగా మునిగి, ఊరి కప్పుల్నీ చర్చి గోపురాన్నీ చూడటం బాగుంటుంది. కానీ ఈతదుస్తులు తప్పనిసరి. చీరతో దిగనివ్వరు. ప్రధాన విభాగంలోకి పదహారేళ్ళ లోపు పిల్లల్ని రానివ్వరు. కాబట్టి బామ్మలూ మనవలూ బయట, మధ్యవాళ్ళు లోపల! మా ఇంట్లో ఆ ప్రతిపాదన ఎత్తీ ఎత్తకముందే వీగిపోయింది.

స్నానఘట్టం పక్కనే బాత్ అబీ. ముఖద్వారం మీద రాతి నిచ్చెనలెక్కుతున్న దేవదూతల్ని చూడండి, కొందరు తలకిందులుగా దిగుతుంటారు. 973లో ఎడ్గర్ రాజుకి పట్టాభిషేకం జరిగింది ఇక్కడుండిన పాత చర్చిలోనే. రోమన్లు తవ్విన కాలవ గుండా నదిలోకి వృథాగా పోయే వేడినీళ్ళ నుంచి వేడిని పట్టి, 2021 నుంచీ ఈ చర్చిని వెచ్చబెడుతున్నారు.

అక్కడి నుంచి ఎత్తు ఎక్కితే వచ్చేది సర్కస్. ఏనుగులేం ఉండవు, గుండ్రంగా కట్టిన ఇళ్ళ వరస. తండ్రి జాన్ వుడ్ 1754లో మొదలుపెట్టి కన్నుమూస్తే, అదే పేరున్న కొడుకు 1768కి పూర్తిచేశాడు. అందులో 14వ నంబరు ఇంటిముందు మేం కాసేపు ఆగాం. మన పాఠాల్లో చదువుకున్న రాబర్ట్ క్లైవు ఇల్లది. 1765లో మొఘల్ చక్రవర్తి షా ఆలం నుంచి ఉత్తర సర్కారుల మీద ఫర్మానా రాయించుకున్నవాడు. రాజమండ్రి కూడా అందులోదే. జబ్బుల బాధ పడలేక ఆయన కూడా ఈ నీళ్ళనే నమ్ముకున్నాడు. గుణం ఇచ్చినట్టు లేదు, 1774 నవంబరులో లండన్లో చనిపోయాడు. ‘‘మన ఊరు రాయించుకున్నవాడికే పనిచెయ్యలేదా!’’ అంది పెద్దమ్మ. ఆ గొంతులో జాలి ఉందో లేదో నేను చెప్పను.

సర్కస్ దాటితే అర్ధచంద్రాకారంలో 30 ఇళ్ళ రాయల్ క్రెసెంట్. ముందువైపు అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. వెనక్కి వెళ్తే ఎవరిష్టం వాళ్ళది! కొన్నవాళ్ళు ముందు గోడ కొనుక్కుని వెనకాల తమకి నచ్చినట్టు కట్టించుకున్నారు. ఇక్కడ తలుపులకి తెల్లరంగే ఆనవాయితీ. 1970లలో 22వ నంబరు ఇంటావిడ పసుపురంగు వేయించింది. మార్చమని అధికారులు పట్టుబడితే పోరాడి నెగ్గింది. పసుపు గడపకి వేసే మనకి అందులో తప్పేముందో బొత్తిగా అర్థం కాదు. 1వ నంబరు ఇల్లు మ్యూజియం. వంటిల్లు చూడటం మరవకండి.

నవలలు చదివేవాళ్ళకి జేన్ ఆస్టిన్ కేంద్రం ఉంది. ఆవిడ 1801 నుంచి 1806 దాకా బాత్‌లోనే ఉంది. ‘ప్రియురాలు పిలిచింది’ గుర్తుందా? దానికి మూలం ఈవిడ నవలే. పిల్లలుంటే నేను న్యూకింగ్ స్ట్రీట్‌లోని 19వ నంబరు ఇంటికే ఓటేస్తాను. విలియం హెర్షెల్ అనే సంగీతం మాస్టారు 1781 మార్చి 13 రాత్రి ఆ పెరట్లో దుర్భిణి పెట్టుకుని యురేనస్ గ్రహాన్ని కనిపెట్టాడు. ఇరుకు పెరడు. ఆకాశం మాత్రం అందరిదీ ఒకటేగా!

చుట్టుపక్కలకి ఇంకో రోజు ఉంటే వెల్స్ వెళ్ళండి. బిషప్ కోట కందకంలోని హంసలకి ఆకలేస్తే గంట లాగడం నేర్పారు. లేకాక్ పల్లె కూడా బాగుంటుంది, హ్యారీపోటర్ సినిమాల్లోని కొన్ని గదులు అక్కడి అబీలోవి. లండన్ నుంచి స్టోన్‌హెంజ్, బాత్ కలిపి ఒక్కరోజులో చుట్టేసే బస్సు టూర్లు మాత్రం నన్నడిగితే వద్దు. రెండుచోట్లా ఫొటోలే మిగులుతాయి.

మా ప్రయాణం పంప్‌రూమ్‌లో ముగిసింది. 18వ శతాబ్దపు షోకైన హాలు అది. ఇక్కడ మాత్రం ఊటనీళ్ళు గ్లాసులో పోసి ఇస్తారు. 43 రకాల ఖనిజాలున్నాయట. మా అన్నయ్య గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు. పెద్దమ్మ కళ్ళకద్దుకుని, మూడు చుక్కలు నెత్తిన చల్లుకుని, ఒక గుక్క తాగింది. మొహం చిట్లించింది.

‘‘మన పెరట్లో బోరు నీళ్ళలా ఉన్నాయిరా!’’

బోరు నీళ్ళే పెద్దమ్మా.